గేటు వైపు మూల

నవంబర్ 25, సోమవారం

ఈ పుస్తకం ఇవాళే కొన్నాను. నేను పనిచేసే స్కేటింగ్ రింకులో లాగ్ పుస్తకం ఒకటుంది. మంచు ఎంత చల్లగా ఉంది, ఎంత మందం ఉంది, దాన్ని చదును చేసే మెషీన్ ఎన్నిసార్లు తిప్పాను, ఎన్ని లీటర్ల నీళ్ళు పోశాను, అన్నీ అందులో రాయాలి. చివర 'ఇతర విషయాలు' అని వేలెడు గడి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రాస్తున్నాను. నిన్న ఆ గడిలో "ఊర్షా మూడు చుట్ల లుట్జ్ జంప్ ఆరుసార్లు చేసింది, ఆరూ నిలిచాయి" అని రాశాను. మేనేజర్ రాడో చూసి, "ఆల్బిన్ గారూ, ఇది మంచు లాగ్. మీ అమ్మాయి లాగ్ కాదు," అన్నాడు.

న్యాయమే. అందుకని ఇది.

ఊర్షా మా అమ్మాయి. ఇరవై ఆరేళ్ళు. పొద్దున్న ఆరింటికి స్కేటింగ్ చేస్తుంది, ఎనిమిదింటి నుంచి ఊరంతా ఉత్తరాలు పంచుతుంది.

మంచు: మైనస్ 4.5.

నవంబర్ 26

ఈ ఏడు జాతీయ పోటీ మా రింకులోనే. డిసెంబర్ 14, 15. మెషీన్ తిప్పే లైసెన్సు ఊళ్ళో నాకొక్కడికే ఉంది.

సాయంత్రం ఊర్షా వచ్చింది. బార్లీ సూపు రెండు గిన్నెలు తాగింది. వెళ్తూ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "అమ్మా, ఆ రెండు రోజులూ నాన్నని సెలవు పెట్టమను," అంది.

"మెషీన్ ఎవరు తిప్పుతారే?" అంది మా ఆవిడ మిలెనా.

"సరే, తిప్పేసి వెళ్ళిపొమ్మను. నేను మంచు మీదున్నంతసేపూ కనబడకూడదు. నన్ను చూడకూడదు."

నేను అదే గదిలో, కుర్చీలో ఉన్నాను.

నవంబర్ 27

లెక్క వేసి చూస్తే నిజమేదో తెలుస్తుంది.

మా రింకులో ఊర్షా పోటీల్లో నేను చూసినవి: పదకొండు. అందులో లుట్జ్ దగ్గర పడినవి: పదకొండు.

బయట ఊళ్ళలో, నేను లేకుండా: ఇరవై మూడు. లుట్జ్ దగ్గర పడినవి: నాలుగు.

నేను బయటికి వెళ్ళింది లేదు. శని, ఆదివారాలు ఇక్కడ హాకీ ఉంటుంది, మెషీన్ వదిలి కదలడానికి ఉండదు.

పొద్దుటి ప్రాక్టీసు చూస్తాను, మెషీన్ పెట్టే షెడ్డు తలుపు సందులోంచి. తనకి తెలియదు. అప్పుడు పడదు. అంటే నేను చూస్తున్నానని తెలిస్తేనే పడుతుందేమో. లేకపోతే రెండు కళ్ళతో చూస్తేనేమో. సందులోంచి ఒక కన్నే పడుతుంది.

నాకేమీ చూడాలని లేదు.

నవంబర్ 29

బ్రెడా వచ్చింది. మిలెనాకి చెల్లెలు, ఊర్షాకి కోచ్. అడుగున కత్తులున్న ఊర్షా స్కేటింగ్ బూట్లు నా బల్ల మీద పెట్టింది.

"ఇదిగో బావా, నీ కూతురి కత్తులు. పోటీకి పదిహేను రోజులుంది. ఇవాళ సాన పట్టు, మళ్ళీ ముట్టుకోకు. కొత్త పదును మంచుని కరిచేస్తుంది, పిల్ల కాలు ఆగిపోతుంది."

"తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసు. నీ నోట్లోంచి ఒక్క మాటైనా రాలుతుందేమోనని అన్నాను."

నేను సాన తిప్పాను. బ్రెడా స్టూలు లాక్కుని కూర్చుంది. డిసెంబర్ వచ్చిందంటే యూరప్ అంతటా ఇదే గోల, ఏ దేశానికి ఆ దేశం తన రాణి ఎవరో తేల్చుకుంటుంది. బ్రెడా ఫోన్లో ఆ జాబితాలన్నీ చదివి వినిపించింది. పెద్ద దేశాల్లో ఇరవై మంది, పాతిక మంది. ఎక్కడో ఒక చోట ఒకే ఒక్క అమ్మాయట.

"అదృష్టం చూడు బావా. మొదటా తనే, చివరా తనే. పడినా లేచినా పతకం."

"మనకెంతమంది?"

"అబ్బ, మాట్లాడావు! నలుగురు. ఆరేళ్ళ నుంచి గెలుస్తున్న పిల్ల పెళ్ళి చేసుకుని మానేసింది. మన ఊర్షా, ఆ టింకారా, లుబ్లియానా నుంచి ఇద్దరు. ఈసారి గెలవకపోతే ఇంకెప్పుడు గెలుస్తుంది? నాలుగుసార్లు రెండో స్థానం, బావా. ఐదోసారి కూడా అదే అయితే మానేస్తానని చెప్పేసింది. గెలిస్తే జనవరిలో యూరప్ పోటీకి మన దేశం నుంచి వెళ్ళేది తనొక్కర్తే."

"ఊఁ."

"ఊఁ కాదు. షెడ్డులో కూర్చో. నీ చూపు పడిందంటే పిల్ల పడుతుంది. పదకొండుసార్లు చూశాను నేను."

"నేనూ చూశాను."

"అదే కదా నేననేది!"

డిసెంబర్ 2

మంచు: మైనస్ 3.5. వాతావరణం వల్ల.

డిసెంబర్ 3

మంచు: మైనస్ 3.5. వాతావరణం వల్ల. బయట మైనస్ ఎనిమిది ఉంది.

హాకీ వాళ్ళ కెప్టెన్ గేటు దగ్గర ఆగి, "ఆల్బిన్ అన్నా, ఇది మంచా, జావా? చెంచా తెచ్చుకోమంటావా?" అన్నాడు.

మెత్తటి మంచయితే స్కేటింగ్ అమ్మాయిలకి జంప్ దిగేటప్పుడు మోకాలికి సుఖం. హాకీకి గట్టిది కావాలి. కానీ నేను అందుకోసం పెంచలేదు.

డిసెంబర్ 5

పిల్లలకి మిక్లావ్జ్ పండగ. రాడో మిక్లావ్జ్ తాత వేషంలో తెల్ల గెడ్డం, బిషప్ టోపీ పెట్టుకుని, స్కేట్ల మీద బహుమతుల సంచీతో వచ్చాడు. మూడుసార్లు పడ్డాడు.

నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. తర్వాత లోపలికి వెళ్ళిపోయాను. అప్పటి నుంచి పడలేదట.

డిసెంబర్ 8

టింకారా వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. ఊర్షాకి అసలు పోటీ ఈమే. వాల్‌నట్ రొట్టె ముక్క ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చింది.

"ఆల్బిన్ బాబాయ్, నా కుడి కత్తి లోపలి అంచు మొద్దుబారింది. మా ఊళ్ళో ఆయన సాన పడితే వంకరగా వస్తోంది. మీరొకసారి చూడరూ? మీకు ఇబ్బందైతే వద్దులెండి. ఊర్షా అక్క ఏమనుకుంటుందో."

పోటీకి వారం కూడా లేదు. ఆ అంచు ఒక్కదాన్నే సన్నగా తాకించి ఇచ్చాను. ఊర్షా కత్తికి పట్టినంత సేపూ పట్టాను. ఐదు నిమిషాలు ఎక్కువే పట్టాను, ఎవరికీ అనుమానం ఉండకూడదని. నాక్కూడా.

రొట్టె బావుంది. మిలెనాకి చెప్పలేదు.

డిసెంబర్ 13, శుక్రవారం

రేపు చిన్న ప్రోగ్రాం, ఎల్లుండి పెద్దది. రెండిటి పాయింట్లూ కలిపి లెక్క. షెడ్డు తలుపు సందులో గుడ్డ కుక్కాను. నాకు చూడాలని లేదని ఇదివరకే రాశాను.

డిసెంబర్ 14, శనివారం

మధ్యాహ్నం రెండింటికి మెషీన్ తిప్పాను. మంచు అద్దంలా వచ్చింది. గేటు వేశాను. షెడ్డులోకి వెళ్ళి తలుపు మూసుకుని, గోడకేసి కూర్చున్నాను. సాన పట్టేటప్పుడు చెవులకి పెట్టుకునే డిప్పలు పెట్టుకున్నాను. గోడ మీద పాత కేలండరు ఉంది. అందులో ఆవు బొమ్మ ఉంది. ఆవుని చూస్తూ కూర్చున్నాను.

డిప్పలు పెట్టుకున్నా జనం 'అయ్యో' అనడం వినబడింది. ఆ 'అయ్యో' నాకు కొత్త కాదు. పన్నెండోది.

తలుపు తోసుకుని మిలెనా వచ్చింది. వెనకే బ్రెడా.

"చూశావు కదూ?" అంది మిలెనా.

"లేదు."

"నిజం చెప్పు బావా. సందులోంచి తొంగి చూశావా?"

సందులో గుడ్డ చూపించాను. బ్రెడా గుడ్డ పీకి, కన్ను పెట్టి చూసి, మళ్ళీ కుక్కింది. "మరయితే ఏం చూశావు ఇంతసేపూ?"

"ఆవుని."

ఇద్దరూ కేలండరు వంక చూశారు.

మా అమ్మాయి పడింది. అయినా నాకు లోపల తేలిగ్గా అనిపించింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ నిజం. చూడలేదు, అయినా పడింది. పదకొండుసార్లూ నా కళ్ళదేం తప్పు లేదన్నమాట. బయటికెళ్ళి అందరికీ చెప్పాలనిపించింది.

టింకారా మొదట ఉంది. ఊర్షా మూడో స్థానం, ఐదున్నర పాయింట్లు వెనక.

డిసెంబర్ 14, అదే రోజు, భోజనానికి ముందు

ఇది ముందే రాయాల్సింది. రాయడానికి చెయ్యి రాలేదు.

అమ్మాయిలు వెళ్ళిపోయాక బక్కెట్లో తడి మంచుపొడి తీసుకుని గుంటలు పూడ్చడానికి వెళ్ళాను. ఎప్పుడూ చేసే పనే. స్కేటింగ్ అమ్మాయిలందరూ గాల్లో ఎడమకి తిరుగుతారు, అందుకని అందరి లుట్జూ అవతలి మూలలో పడుతుంది. వెనక్కి జారుతూ వచ్చి కత్తి ముందరి పళ్ళతో పొడిచి లేస్తారు. ఆ మూల కోడి గీరిన పెరడులా ఉంటుంది. మా ఊర్షా ఒక్కర్తే కుడికి తిరుగుతుంది. తన లుట్జ్ ఇవతల, గేటు వైపు మూల. అక్కడ ఒక్కటే గుంట ఉంది. దాని పక్కన తను పడిన చార.

పూడ్చడానికి వంగి చేతి తొడుగు తీశాను. అరచేతికి ఏదో తగిలింది.

బోర్లా పడుకుని, చెంప మంచుకి ఆనించి, దీపం వెలుగుకి ఎదురుగా చూశాను. ఎత్తు ఉంది. గోరు మందం కూడా లేదు. చిన్న పళ్ళెం అంత వెడల్పు. మామూలుగా నిలబడి చూస్తే కనబడదు. వెనక్కి వచ్చే కత్తి మాత్రం దాని మీద ఎక్కుతుంది.

అక్కడి నుంచి మెషీన్ బయటికెళ్ళే గేటుకి ఎనిమిది అడుగులు.

నాకెవరూ నేర్పలేదు ఈ పని. మొదటి మెషీన్ వచ్చినప్పుడు దానితో వచ్చిన పుస్తకం జర్మన్‌లో ఉంది. నాకు రాదు. నేనే పట్టాలి, నేనే తిప్పాలి, నేనే నేర్చుకోవాలి. దానికి వెనక, మంచు మీద నీళ్ళు పరిచే పలకని ఎత్తే పిడి బిగుతు. పలక నెమ్మదిగా లేచేది. గేటు దాటేలోపు పూర్తిగా లేవాలంటే ఎనిమిది అడుగుల ముందే లాగాలి. పన్నెండేళ్ళ కిందట కొత్త మెషీన్ వచ్చింది. దాని పలక వేలితో తాకితే లేస్తుంది. నా చెయ్యి మాత్రం ఇప్పటికీ ఎనిమిది అడుగుల ముందే లాగుతోంది. పలక అక్కడే లేస్తుంది, దాని గుడ్డలో మిగిలిన నీళ్ళు అక్కడే కారతాయి, అక్కడే గడ్డకడతాయి.

రాత్రి చివరి విడత అయ్యాక అంచులన్నీ చేత్తో గీకి చదును చేస్తాను. అందుకే పొద్దుటి ప్రాక్టీసులో ఏమీ ఉండదు. పోటీల్లో మెషీన్ బయటికి రాగానే అమ్మాయిలు మంచు మీదికి దిగుతారు. బయట ఊళ్ళలో నా మెషీన్ ఉండదు.

నా కళ్ళది కాదు. నా చేతిది. పన్నెండుకి పన్నెండు.

డిసెంబర్ 14, భోజనం తర్వాత

ఊర్షా తిండి దగ్గరే చెప్పేసింది. రేపు లుట్జ్ మూడు చుట్లు చెయ్యదట, రెండే చేస్తుందట. "మా నాన్న చూసినా పడ్డాను, చూడకపోయినా పడ్డాను. ఇంక తప్పు నా తలకాయదే."

"రెండు చుట్లతో ఐదున్నర పాయింట్లు ఎలా తెస్తావే?" అంది బ్రెడా.

"తేను. రెండో స్థానం నాకు అలవాటే కదా పిన్నీ. మూడోదైతే కొత్తదనం."

నవ్వింది. ఎవరూ నవ్వలేదు.

ఎత్తు గీకేసి ఊరుకుంటే సరిపోతుందనుకున్నాను ముందు. మంచు చదునుగా ఉంటుంది, ఎవరికీ తెలియదు. కానీ రెండు చుట్లే చేస్తానంటోంది. చదునైన మంచు మీద రెండు చుట్లు చేసినా ఓడిపోతుంది. మానేస్తుంది. తన తలకాయదే తప్పనుకుంటూ మానేస్తుంది.

చెప్పాలి.

రేపు చెబుతాను.

డిసెంబర్ 15, ఆదివారం

పొద్దున్న ఏడింటికి ప్రాక్టీసు. ముందుగా వెళ్ళి, ఆ ఎత్తు తనకి చూపించడానికని మెషీన్ తిప్పాను, పోటీల ముందు తిప్పేలాగే. చెయ్యి దానంతటదే లాగింది. దిగి గేటు దగ్గర నిలబడ్డాను.

ఊర్షా, బ్రెడా వచ్చారు. నన్ను చూసి ఊర్షా ఆగిపోయింది.

"నాన్నా, ప్లీజ్. ఇవాళొక్క రోజు."

"ఇలా రా."

"ఏమైంది?"

"తొడుగు తియ్యి. ఇక్కడ చెయ్యి పెట్టు."

మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టింది. కాసేపు అటూ ఇటూ రాసింది. నా వంక చూసింది.

"ఏంటిది?"

బ్రెడా నడుం మీద చేతులు పెట్టుకుని, "చెప్పు బావా, నీ పుణ్యముంటుంది. నోరు తెరిస్తే చలి దూరదులే," అంది.

చెప్పాను. పిడి, పలక, ఎనిమిది అడుగులు, పాత మెషీన్, కొత్త మెషీన్, గుడ్డలో నీళ్ళు. జర్మన్ పుస్తకం సంగతి కూడా చెప్పాను. నా జన్మలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడలేదు. చివర "పన్నెండుసార్లూ నేనే," అన్నాను.

ఊర్షా లేవలేదు. అలాగే మంచు మీద కూర్చుంది.

"అంటే నా కాలు బాగానే ఉంది."

"ఉంది."

"తలకాయ కూడా."

"బాగుంది."

"నాన్నా, లుబ్లియానాలో ఆ మనసు డాక్టరు దగ్గరికి మూడేళ్ళు తిరిగాను. నా చిన్నతనం గురించి అడిగాడు. నువ్వు నన్ను ఎత్తుకునేవాడివా అని అడిగాడు. నీతో ఎందుకు మాట్లాడనని అడిగాడు. గేటు గురించి ఒక్కసారీ అడగలేదు!"

బ్రెడాకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఊర్షాకి. ఊర్షా నవ్వుతూ తొడుగు తీసి నా మోకాలి మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడోసారి గట్టిగానే తగిలింది. అప్పుడు కళ్ళు తుడుచుకుంది.

"పన్నెండేళ్ళ నుంచి ఇంట్లో నిన్ను దయ్యాన్ని చూసినట్టు చూశాం కదా," అంది.

"పన్నెండేళ్ళ నుంచి నేను నిన్ను పడేశాను."

"సరే, సమానం. గీకు దీన్ని."

గీకాను. మూడుసార్లు అరచేత్తో చూసుకున్నాను. తను వెనక్కి జారుతూ వచ్చి పొడిచి లేచింది. నిలిచింది. మళ్ళీ వచ్చింది. నిలిచింది. నేను తల తిప్పేసుకున్నాను, అలవాటు.

"నాన్నా! ఇవాళ మూడు చుట్లే చేస్తున్నాను. నువ్వు ఈ గేటు దగ్గరే నిలబడాలి. కనబడేలాగ. కళ్ళు తెరుచుకుని."

డిసెంబర్ 15, సాయంత్రం

పెద్ద ప్రోగ్రాం ముందు మెషీన్ తిప్పాను. ఎనిమిది అడుగుల దగ్గర చెయ్యి లేచింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకున్నాను. గేటు దాటాక పిడి లాగాను. తర్వాత దిగి, గీకుడు కర్రతో వెనక్కి వెళ్ళాను. గీకాను. బోర్లా పడుకుని చెంప ఆనించి చూశాను.

జనం చప్పట్లు కొట్టారు. ఎందుకో మరి. రాడో గేటు దగ్గర నుంచి, "ఆల్బిన్ గారూ, టీవీ వాళ్ళున్నారండీ! లేవండి, గుండెపోటనుకుంటారు!" అని పళ్ళు బిగించి అరిచాడు. ఇంకోసారి చూసుకుని లేచాను.

స్కేటింగ్ వరసలో ఊర్షా రెండోది. టింకారా చివర. గేటు దగ్గర నిలబడ్డాను. నా పక్కన అడ్డగోడ మీద మోచేతులు పెట్టుకుని బ్రెడా.

సంగీతం మొదలైంది. ఊర్షా నా ముందు నుంచే వెళ్ళింది. నేనున్నానా లేదా అని చూసింది. ఉన్నాను. మొదటి జంప్ నిలిచింది, చూశాను. రెండోదీ చూశాను. తర్వాత పొడుగ్గా, వెనక్కి, నా మూలకేసి రావడం మొదలుపెట్టింది. వీపు నాకేసి ఉంది. పెద్దదవుతూ వస్తోంది.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. కళ్ళు మూసుకున్నాను. కావాలని కాదు. అవే మూతలు పడ్డాయి.

పొడిచిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చాలాసేపు ఉంది. తర్వాత గుడ్డ చింపినట్టు ఒక పొడుగాటి చప్పుడు. కాలు నిలిచి కత్తి వెనక్కి జారితేనే అది వస్తుంది. ఆ కత్తికి సాన పట్టింది నేనే, దాని గొంతు నాకు తెలుసు.

బ్రెడా నా వీపు మీద గుద్దింది. కళ్ళు తెరిచేసరికి ఊర్షా అవతలి చివర ఉంది, చేతులు చాచి. మిగతాదంతా చూశాను. ఒక్క క్షణం కూడా వదల్లేదు. చివరి తిరుగుడులో కొంచెం ఊగింది, అదీ చూశాను.

టింకారా కూడా బాగా చేసింది. ఒక జంప్ దగ్గర చెయ్యి ఆనించింది. మొత్తం లెక్క వచ్చేసరికి ఊర్షా 0.84 ముందు.

మిలెనా ఏడ్చింది. రాడో నన్ను కౌగిలించుకున్నాడు, అంతకు ముందెప్పుడూ చెయ్యలేదు, తర్వాత ఇద్దరం ఏం చెయ్యాలో తెలియక మెషీన్ వంక చూశాం. టింకారా వచ్చి ఊర్షా మెడ చుట్టూ చేతులేసి, "అక్కా, వచ్చే ఏడు చెప్తా నీ సంగతి," అంది. "రావే, చూద్దాం," అంది ఊర్షా. మానేస్తానన్న మాట ఎవరికీ గుర్తు లేదు.

తర్వాత నా దగ్గరికొచ్చింది. మెడలో పతకం, ముక్కు ఎర్రగా.

"చూశావా?"

"చూశాను."

బ్రెడా నా వంక చూసింది. ఏమీ అనలేదు. జన్మలో మొదటిసారి.

డిసెంబర్ 16, సోమవారం

మంచు: మైనస్ 5. వాతావరణం బాగుపడింది.

పొద్దున్న ఊర్షా ఉత్తరాల బండి మీదే వచ్చి, అందరికీ ఇచ్చినట్టు ఒక కవరు నా చేతికిచ్చి సంతకం పెట్టమంది. పెట్టాను. అందులో విమానం టికెట్టుంది. జనవరి, యూరప్ పోటీ, నా పేరు.

"హాకీకి మెషీన్ ఎవరు తిప్పుతారు?" అన్నాను.

"రాడోతో మాట్లాడాను. పక్క ఊరి నుంచి వారం రోజులకి ఒకాయన వస్తున్నాడు."

"అక్కడ మంచు ఎవరు వేస్తారో."

"ఎవరైతే నీకేం నాన్నా? నువ్వు ముట్టుకోవు. గేటు దగ్గరికి పోనివ్వరు. నీకో కుర్చీ ఉంటుంది."

వెళ్ళిపోయింది. టికెట్టు ఈ పుస్తకంలోనే పెట్టాను. మెషీన్ నాది కాదు, గేటు నాది కాదు, బక్కెట్టు కూడా ఉండదు. నాలుగు రోజులు.

అక్కడ నాకు వేరే పనేమీ లేదు. చూడటమే.